ద్రవ్యానికి కర్త ఎవరు?

ఆమధ్య మా కళాశాల అధ్యాపకుల గదిలో వడ్డీరేట్లను గురించి చర్చ వచ్చింది. నేను కలగజేసుకుని రెండు మాటలనబోతే, అర్థశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన నవ్వి, "ప్రబంధాలు చెప్పుకునే మీకు రిజర్వు బ్యాంకుతో పనేమిటి మాస్టారూ? అది నిపుణులు చూసుకునే సంగతి" అన్నారు. ఆ మాట ఆయనొక్కరిదే అయితే యీ వ్యాసం రాయవలసిన పని లేదు. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనలో చాలామంది నమ్మకం కూడా అదే. అధిక ధరలమీద గేయాలు రాస్తాం, అప్పులపాలైన రైతుమీద కథలు రాస్తాం. ఆ అప్పు ఎక్కడ పుడుతున్నదో, దాని వెల ఎవరు కడుతున్నదీ నిపుణులకు వదిలేస్తాం. యిది వినయమని నేననుకోను. బాధ్యతనుంచి తప్పుకోవడమే.

రిజర్వు బ్యాంకు ద్రవ్య సరఫరాను అదుపు చేస్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అందుకు దానికున్న సాధనాలలో ముఖ్యమైనవి మూడు. వాణిజ్య బ్యాంకులు తమ డిపాజిట్లలో కొంత భాగాన్ని రిజర్వు బ్యాంకులో నిల్వ వుంచాలనేది మొదటిది. ప్రభుత్వ ఋణపత్రాలను కొని బ్యాంకులకు డబ్బు చేర్చడం, అమ్మి డబ్బు లాగివేయడం రెండవది. ఋణపత్రాల హామీమీద బ్యాంకులకిచ్చే అప్పుకు వడ్డీ, అంటే రెపో రేటు, నిర్ణయించడం మూడవది. యీ మూడూ చదివిన విద్యార్థి కళ్ళముందు ఒక చెరువూ, ఒక తూమూ కనిపిస్తాయి. తూము ఎత్తితే నీళ్ళు, దించితే కరువు.

యీ బొమ్మలోనే పొరపాటున్నది. మన చలామణిలోని ద్రవ్యంలో నోట్లు చిన్న భాగం. పెద్ద భాగం బ్యాంకు డిపాజిట్లు. బ్యాంకు ఒక వ్యాపారికి కోటి రూపాయలు అప్పిచ్చిందంటే, మరొకరు దాచుకున్న కోటి తీసి యిచ్చిందని కాదు. అతని ఖాతాలో కోటి జమ రాసింది. ఆ రాతతోనే కొత్త డిపాజిట్, అంటే కొత్త ద్రవ్యం, పుట్టింది. అతడు అప్పు తీర్చినప్పుడు అది నశిస్తుంది. యిది మన వామపక్షం కల్పించిన సిద్ధాంతం కాదు. 2014లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన త్రైమాసిక పత్రికలో తానే వివరించిన విషయం. కాబట్టి ద్రవ్యాన్ని అధికభాగం పుట్టిస్తున్నవి వాణిజ్య బ్యాంకులు. రిజర్వు బ్యాంకు చేస్తున్నది ప్రధానంగా ఆ అప్పు ఖరీదును పెంచడం, తగ్గించడం.

ఖరీదు పెరిగితే ఏమవుతుంది? 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచారు. అప్పు ప్రియమైతే యిల్లు కట్టేవాడు ఆగుతాడు, చిన్న కార్ఖానాదారు విస్తరణ మానుకుంటాడు, వారి దగ్గర పనిచేసేవాడికి పని తగ్గుతుంది, కూలి తగ్గినవాడు కొనడం తగ్గిస్తాడు, అప్పుడు ధర దిగుతుంది. ధరకూ రేటుకూ మధ్య వున్న ఆ నిచ్చెనలో ఒక మెట్టు కూలివాడి వీపు. దానిని "గిరాకీ సర్దుబాటు" అంటున్నారు.

ధరలు పెరిగితే ముందు నలిగేది పేదవాడే కదా అని మిత్రులడగవచ్చు. నిజం. ధరలను అదుపు చెయ్యవద్దని ఎవరూ అనరు. కాని ఏ ధర? ఎందుకు పెరిగింది? 2023 జూలైలో చిల్లర ధరల పెరుగుదల 7.44 శాతానికి చేరింది. అందులో ప్రధాన పాత్ర టమాటాది, తక్కిన కూరగాయలది. రెపో రేటు పెంచితే మదనపల్లె తోటల్లో టమాటా కాయదు. దానికి కావలసింది గిడ్డంగి, గిట్టుబాటు ధర, రవాణా.

మా వూళ్ళో కౌలురైతు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తాడు. ఏడాదికి 24 శాతం! భూమి పత్రాలు అతని పేర లేవు, బ్యాంకు గడప ఎక్కలేడు. రెపో 4 శాతమున్నప్పుడు అతనికి రెండు రూపాయలే, 6.5 అయినప్పుడూ రెండు రూపాయలే. 2025లో రేటు తగ్గించడం మొదలుపెట్టినప్పుడు కూడా అతనికి పైసా తగ్గలేదు. కాని రేటు పెరిగి పట్నంలో కట్టడాలు ఆగినప్పుడు, అక్కడ తాపీపనికి వెళ్ళిన అతని కొడుకు యింటికి తిరిగివస్తాడు. మేలు చేరని చోటికి కీడు మాత్రం తప్పకుండా చేరుతున్నది.

తెలుగు చెప్పేవాడిని గనుక, పత్రికల వాక్యాలలో నాకొకటి కనిపిస్తుంది. "రేట్లు పెరిగాయి", "ద్రవ్యం బిగుసుకున్నది". వర్షం కురిసింది అన్నట్టే. యీ వాక్యాలలో పెంచినవాడెవడో లేడు. వున్నాడు! 2016లో చట్టం సవరించి ఆరుగురి ద్రవ్య విధాన సంఘాన్ని ఏర్పరిచారు. ముగ్గురు రిజర్వు బ్యాంకు వారు, ముగ్గురు ప్రభుత్వం నియమించిన నిపుణులు. ఆర్థికశాస్త్రం, బ్యాంకింగు వంటి రంగాలలో అనుభవం వుండాలన్నది అర్హత. వ్యవసాయకూలీ ప్రతినిధికీ, కార్మిక సంఘానికీ అందులో పీట లేదు. ధరల పెరుగుదల 4 శాతం దగ్గర, 2కూ 6కూ మధ్య, వుండాలని లక్ష్యం పెట్టారు. వరసగా మూడు త్రైమాసికాలు ఆ హద్దు తప్పితే ప్రభుత్వానికి సంజాయిషీ యివ్వాలన్నారు. 2022లో హద్దు దాటింది, సంజాయిషీ వెళ్ళింది. దానిని ప్రజలముందు పెట్టలేదు. ధర కట్టిన ప్రజలకు కారణం చదివే హక్కు లేకపోయింది.

1969లో 14 బ్యాంకులను జాతీయం చేసినప్పుడు యీ దేశం ఒక ప్రశ్న అడిగింది: అప్పు ఎవరికి? నేడు ఆ ప్రశ్న మరుగున పడి, ద్రవ్యం ఎంత, రేటు ఎంత అన్నవే మిగిలాయి. "ఎంత" అన్నది నిపుణుడు చెప్పగలడు. "ఎవరికి" అన్నది ప్రజలు తేల్చవలసిన విషయం. కర్తనూ, "ఎవరికి" అన్న మాటనూ వాక్యంలోకి తిరిగి తెచ్చే పని మనది. సంజాయిషీని బయటపెట్టమని అడుగుదాం. ఆ సంఘంలో శ్రామికుడికి చోటడుగుదాం. కౌలురైతుకు బ్యాంకు అప్పు అందనంతవరకు ద్రవ్యం అదుపులో వున్నదన్న మాటను నమ్మవద్దని మన విద్యార్థులకు చెబుదాం. ప్రబంధాలు చెప్పుకునే నాకు రిజర్వు బ్యాంకుతో వున్న పని యిదీ, మిత్రమా.