పగిలింది పలక, తప్పు కాలిదట!

నిరుడు శ్రావణమాసంలో ఒక సాయంత్రం మా అమ్మ గుడి నుంచి తిరిగి వస్తుండగా, మురుగుకాలువ మీది సిమెంటు పలక కాలికింద విరిగింది. తుంటి ఎముక విరిగి నెలన్నర మంచం మీదనే ఉన్నది. ఆవిడకు డెబ్బయి రెండేళ్ళు. ఆ పలక వయస్సెంతో ఎవరికీ తెలియదు. నేను బడికి వెళ్ళే రోజుల్లో దాని మీద కూర్చున్న జ్ఞాపకం మాత్రం నాకుంది.

మరునాడు పురపాలక కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు. "పాత పలకలండీ, కాలం చెల్లిపోయాయి. ఎవరం మాత్రం ఏం చేయగలం? పెద్దావిడ కాస్త చూసుకుని నడవాల్సింది" అన్నాడు. పరామర్శకు వచ్చిన బంధువులదీ అదే మాట. అధికారులు చెప్పే సాకును మనం నీతిసూక్తిగా మార్చుకున్నాం. నా కోపం ఆ ఉద్యోగి మీద కన్నా ఈ అలవాటు మీదనే ఎక్కువ.

కాలం చెల్లిందనడం సంజాయిషీయా, నేరాంగీకారమా? నేరాంగీకారమే అని నా వాదన.

పలక ఒక్క రాత్రిలో ముసలిదైపోదు. నెర్రెలోంచి తేమ, గాలి లోపలి ఇనుపచువ్వకు చేరతాయి. చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక కాంక్రీటును లోపలి నుంచే పగలదీస్తుంది. మొదట మరక, తరువాత నెర్రె, ఆపైన పెచ్చు ఊడటం. ఇన్ని కబుర్లు పంపిన తరువాతనే అది విరుగుతుంది. ఆ కబుర్లు అందుకోవడానికి జీతమిచ్చి మనుషులను పెట్టుకున్నది ఎవరు? దారిన పోయే ముసలావిడ కాదు గదా!

ఇది నా సొంత న్యాయమనుకునేరు. ఢిల్లీ చాందినీ చౌకులోని గడియారస్తంభం 1951లో కూలి మనుషులు చనిపోయారు. లోపం బయటికి కనిపించలేదు, మాకు తెలియదు అన్నది నగరపాలక సంస్థ. సుప్రీంకోర్టు 1966లో ఆ వాదాన్ని తోసిపుచ్చింది. ఆ కట్టడం వయస్సు సుమారు 80 ఏళ్ళు. దానికి వాడిన సున్నం బట్టి ఆయుష్షు 40, 45 ఏళ్ళే. రహదారి పక్కన కట్టడాన్ని ఉంచుకున్నవాడు దాన్ని ఎప్పటికప్పుడు పరీక్షించుకోవాలి. తెలియదనడం చెల్లదు. కూలడమే నిర్లక్ష్యానికి సాక్ష్యం. కాదని చూపించవలసిన భారం యజమానిదే. అంటే వయస్సు బాధ్యతను తగ్గించదు, పెంచుతుంది.

ఇక డబ్బు లేదనే మాట. రత్లాం పట్టణంలో మురుగుకాలువల కంపు భరించలేక ప్రజలు న్యాయస్థానానికెక్కితే, అక్కడి మునిసిపాలిటీ కూడా నిధుల్లేవనే అన్నది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సాకును ఒప్పుకోలేదు.

ఎదుటిపక్షానికీ ఒక తీర్పుంది, దాచను. రాజకోటలో రోడ్డు పక్క చెట్టు కూలి ఒక బాటసారి మరణిస్తే, నగరపాలక సంస్థకు బాధ్యత లేదని 1997లో సుప్రీంకోర్టే చెప్పింది. ప్రతి చెట్టుకూ పూచీ పడమంటే ఎట్లా అన్నది దాని సారాంశం. నాకు ఆ తీర్పు మింగుడుపడలేదు. పడినా సరే, అది పలకకు వర్తించదు. చెట్టు ప్రాణి. పలక మనిషి పోసింది. ఎంత బరువు మోయాలో, ఎంతకాలం ఉండాలో లెక్కగట్టి పోయవలసింది.

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే దావా వేయరాదా అంటారు. ప్రభుత్వం మీద దావాకు ముందు రెండు నెలల నోటీసు ఇమ్మంటుంది సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్. పురపాలక చట్టాలలోనూ నోటీసు నిబంధనలున్నాయి. ఆపైన కోర్టు ఫీజు, వాయిదాలు. ఢిల్లీ వాళ్ళకు 1951 నాటి దుఃఖానికి తుదితీర్పు 1966లో వచ్చింది. తుంటి విరిగిన డెబ్బయి రెండేళ్ళ మనిషిని పదిహేనేళ్ళు ఆగమందామా?

అందుకే బొంబాయి హైకోర్టు 2025 అక్టోబరులో చూపిన దారి నాకు నచ్చింది. రోడ్డు గుంతల వల్ల గానీ, మూతలేని మ్యాన్‌హోళ్ళ వల్ల గానీ మరణిస్తే 6 లక్షలు, గాయపడితే తీవ్రతను బట్టి 50 వేల నుంచి 2.5 లక్షల రూపాయలు చెల్లించాలన్నది. ఆ సొమ్మును బాధ్యులైన అధికారుల నుంచి, కాంట్రాక్టర్ల నుంచి రాబట్టమన్నది. విరిగిన పలకకూ మూతలేని గొయ్యికీ పడేవాడి దృష్టిలో తేడా ఏమిటి? మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ పద్ధతిని చట్టంగా తెచ్చుకోవాలి. పలక వేసిన సంవత్సరమూ, చివరిసారి తనిఖీ చేసిన తేదీ వీధివారీగా ప్రజలకు కనబడాలి.

అంతవరకు మనం చేయగలిగినది ఒకటుంది. 2005 నాటి సమాచారహక్కు చట్టం కింద నేను రెండే ప్రశ్నలు పంపాను: ఆ పలక ఎప్పుడు వేశారు? చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? "రికార్డులు లభ్యం కాలేదు" అని జవాబు వచ్చింది. ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచాను. పరీక్షించలేదనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం నేను సంపాదించలేను. మీ వీధి గురించీ అడిగి చూడండి, ఎవరో ఒకరు పడకముందే.

అమ్మ ఇప్పుడు చేతికర్ర సాయంతో నడుస్తున్నది. కాలువ దగ్గరికి రాగానే ఆగి, ప్రతి పలకనూ కర్రతో తట్టి, చప్పుడు విని, అప్పుడు అడుగు వేస్తున్నది. మా వీధిలో పలకల తనిఖీ జరుగుతున్నది ఆ ఒక్క కర్రతోనే. జీతం మాత్రం వేరెవరో తీసుకుంటున్నారు.