రెండు శిలలు – ఒక పాఠం

ఉదయగిరి దుర్గం కింద నిలబడి తలయెత్తి చూసే ప్రతివారికీ ఆ కొండ ఒక్కటే. కాని దాని చరిత్ర చెప్పమన్నప్పుడు, చెప్పేవారిని బట్టి అది రెండు కొండలుగా చీలిపోతుంది. ఒకరికి అది గజపతులపై శ్రీకృష్ణదేవరాయలు సాధించిన విజయానికి గుర్తు. మరొకరికి మసీదులు నిలిచిన గిరి. ఇటీవల మా తరగతిలోనే ఇద్దరు విద్యార్థులు ఈ విషయమై వాదులాడుకున్నారు. ఒకరు తన ఫోనుకు వచ్చిన సందేశాన్ని చూపి, కొండమీది ఆలయాన్ని ముస్లింలు ధ్వంసం చేశారన్నారు. రెండవవారు అదంతా గిట్టనివారు పుట్టించిన కట్టుకథ అన్నారు. మేము ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాము: "నాయనా, మీలో ఎవరైనా ఆ శాసనం చదివారా?" ఇద్దరూ మౌనం వహించారు. ఆ మౌనమే ఈ వ్యాసానికి ప్రేరణ.

చదవాలనుకుంటే దారి లేకపోలేదు. 1905లో అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి అనే ఇరువురు నెల్లూరు జిల్లాలోని తామ్రశాసనాలను, శిలాశాసనాలను సేకరించి, తాలూకాల వారీగా మూడు సంపుటాలలో మద్రాసు నుండి ప్రకటించారు. అందులో మన ఆత్మకూరు ఉన్నది, మన ఉదయగిరి ఉన్నది. ఒకప్పుడు ఈ సంపుటాలను చూడగోరిన విద్యార్థి ఏ మహానగర గ్రంథాలయానికో ప్రయాణం కట్టవలసి వచ్చేది. నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే జాల గ్రంథాలయంలో అవి పైసా ఖర్చు లేకుండా లభిస్తున్నాయి. సినిమా పాటలు వినే ఫోనులోనే నాలుగు వందల ఏండ్లనాటి శాసనపాఠాన్ని తెరిచి చూడవచ్చును. తాళం తీసే ఉన్నది. తలుపు నెట్టేవారే లేరు.

ఆ మూడవ సంపుటంలో ఏమున్నది? గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో, 1642-43లో, గాజీ అలీ అనే సేనాని ఉదయగిరిని జయించి ఆలయాన్ని ధ్వంసం చేసిన ఉదంతం ఉన్నది. అంటే మొదటి విద్యార్థి మాట పూర్తిగా కల్పితం కాదు. ఆ పుట చదివినప్పుడు మాకు మనఃక్లేశం కలిగిన మాటను దాచము. అయితే క్లేశం కలిగించేది గనుక అసత్యమనడం విద్యావంతుని లక్షణం కాదు. మన మతస్థుడు చేసినది గనుక మరుగుపరచాలనడం మతధర్మమూ కాదు. సాక్ష్యం తనకు గాని, తల్లిదండ్రులకు గాని, బంధువులకు గాని ప్రతికూలమైనా సరే న్యాయం పక్షాన నిలబడవలెనన్నది ఖురాను బోధ.

కాని ఆ పుటకూ, ఫోనులో వచ్చిన సందేశానికీ ఉన్న తేడాను గమనించండి. పుటలో ఒక సేనాని పేరున్నది, అతని ప్రభువు పేరున్నది, ఒక సంవత్సరం ఉన్నది, ఒక యుద్ధం ఉన్నది. సందేశంలో పేరు లేదు, తేదీ లేదు. "ముస్లింలు" అన్న ఒక్క మాట ఉన్నది. పేరూ తేదీ తీసివేసిన మరుక్షణం ఒక సేనాని చేసిన పని ఒక జాతి అంతా, అన్ని కాలాలలోనూ చేసిన పనిగా మారిపోతుంది. గాజీ అలీ ఖాతాలోని బాకీ, ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కి పొట్టపోసుకునే ఆడపడుచు పేరిట రాయబడుతుంది. చరిత్ర వదంతిగా మారేది ఇక్కడే.

ఇదే ఉదయగిరిని 1514లో గజపతుల నుండి జయించిన శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, 1515లో అక్కడి కృష్ణాలయంలో ప్రతిష్ఠించాడు. ఆ సంగతి హంపీలోని శాసనాలే చెబుతున్నాయి. తరలించి పూజించడం వేరు, ధ్వంసం చేయడం వేరు. ఒకదానిని మరొకదానికి చెల్లు వేయడం మా అభిమతం కాదు. నాటి యుద్ధాలలో ఓడిన రాజు దేవుడు కూడా గెలిచినవాని కంటికి విజయచిహ్నంగా కనిపించాడన్నంత వరకే మేము చెప్పదలచినది.

ఇటువంటి శాసనాలను ఎలా చదవాలో నేర్చుకోవడానికి మేము విద్యార్థులను సముద్రాల ఆవలికి తీసుకొనిపోదలచాము. బైబిలు అధ్యయనం, ప్రాచీన పశ్చిమాసియా చరిత్ర ఈ విద్యలో చాలా ముందున్నవి. ఇవి మనకు పరాయి విషయాలని అనుకోరాదు. అబ్రాహామును ఇబ్రాహీం అనీ, మోషేను మూసా అనీ మనం గౌరవించే వారమే. అమెరికన్ బాప్టిస్టు మిషను పనిచేసిన ఈ మెట్ట ప్రాంతంలో బైబిలు చదివే కుటుంబాలు ఎన్నో మన ఇరుగుపొరుగున ఉన్నాయి.

1868లో మృతసముద్రానికి తూర్పున, నేటి జోర్డాన్ దేశంలోని ధీబాన్ వద్ద, ఒక నల్లరాతి శాసనం కంటబడింది. అది క్రీస్తుకు పూర్వం తొమ్మిదవ శతాబ్దంలో మోయాబును ఏలిన మేషా వేయించినది. ఇశ్రాయేలు రాజులు తన దేశాన్ని చాలాకాలం అణచి ఉంచారనీ, తన దేవుడైన కెమోషు అనుగ్రహంతో తాను వారిని జయించాననీ, నెబో పట్టణాన్ని పట్టి యెహోవాకు చెందిన సామగ్రిని కెమోషు ఎదుటికి ఈడ్చుకొని వచ్చాననీ మేషా అందులో చెప్పుకున్నాడు. బైబిలులో రాజులు రెండవ గ్రంథం మూడవ అధ్యాయంలో ఇదే మేషా కనిపిస్తాడు. అక్కడ అతడు ఇశ్రాయేలుకు గొర్రెపిల్లలను, పొట్టేళ్ల ఉన్నిని కప్పంగా చెల్లించి, తరువాత తిరుగుబాటు చేసిన రాజు. ఇశ్రాయేలు, యూదా, ఎదోము రాజులు మువ్వురూ కలిసి అతని దేశాన్ని పాడుచేస్తారు.

ఒకే రాజు, ఒకే వైరం, రెండు కథనాలు! విద్వాంసులు ఏం చేశారు? రాతిని చూపి గ్రంథం అబద్ధమని కేకలు వేయలేదు. గ్రంథాన్ని చూపి రాతిని పారవేయలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, ఏది చెప్పక విడిచిపెట్టారు అని ప్రశ్నించారు. విజయశాసనం వేయించిన రాజు తన ఓటమిని చెక్కించడు. తన ఘనతను మాత్రం తగ్గించి చెప్పడు. మోయాబు శిలకు వర్తించే ఈ సూత్రం ఉదయగిరి శిలకూ వర్తిస్తుంది, హంపీ శిలకూ వర్తిస్తుంది.

ఆ మోయాబు శిల కథలో మరొక పాఠం ఉన్నది. దొరికిన మరుసటి సంవత్సరమే తగవులలో పడి అది ముక్కలు ముక్కలైపోయింది. అయితే అంతకు మునుపే దానిమీద తడి కాగితం అద్ది తీసిన ముద్ర ఒకటి మిగిలి ఉండడంతో పాఠం దక్కింది. అతికించిన ఆ శిల నేడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నది. దాని చిత్రాన్ని ఆత్మకూరు బస్టాండులో కూర్చొని చూడవచ్చును. నాలుగవ శతాబ్దపు బైబిలు ప్రతియైన కోడెక్స్ సైనైటికస్ 2009 నుండి, మృతసముద్రపు చుట్టలు 2012 నుండి జాలంలో అందరికీ కనబడుతున్నాయి. పూర్వం పీఠాధిపతులకు, ఆచార్యులకు మాత్రమే దక్కిన దర్శనమిది. అంత దూరపు రాతికి జరిగిన సేవ మన కొండమీది రాతికి జరగవద్దా?

జాలంలో ఉన్నదంతా ప్రమాణమని మా అభిప్రాయం కాదు. మూలగ్రంథం ఎంత సులువుగా దొరుకుతుందో, దాని పేరు చెప్పుకొని తిరిగే అసత్యమూ అంతే సులువుగా దొరుకుతుంది. పాత సంపుటాల ఛాయాప్రతులలోనూ మసకబారిన పుటలుంటాయి. పైగా వివరణ అంతా ఆంగ్లంలో ఉండడంతో తెలుగు, ఉర్దూ మాధ్యమాల విద్యార్థి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతాడు. ఈ అడ్డు తొలగించవలసిన బాధ్యత అధ్యాపకులమైన మాది.

ఈ పనికి మన కళాశాల కంటే తగిన చోటు లేదని మా విశ్వాసం. ఉదయగిరిలో తెలుగు శాసనాలున్నాయి, పారశీక శాసనాలున్నాయి. తెలుగు శాఖ విద్యార్థి మొదటి వాటి అక్షరాలను కూడబలుక్కోగలడు. ఉర్దూ శాఖ విద్యార్థి రెండవ వాటి లిపిని పోల్చుకోగలడు. తాళంచెవి సగం వీరి చేతిలో, సగం వారి చేతిలో ఉన్నది. ఎవరి సగం వారు దాచుకుంటే కొండ ఎప్పటికీ రెండు కొండలుగానే మిగిలిపోతుంది.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి మూడు మాటలు. గ్రంథాలయంలోని కంప్యూటర్లను వారానికి రెండు గంటలు చరిత్ర పఠనానికి కేటాయించాలి. నెల్లూరు శాసన సంపుటాలలోని ఆత్మకూరు, ఉదయగిరి భాగాలను అచ్చు తీయించి, బైండు చేయించి గ్రంథాలయంలో ఉంచాలి. ఏటా ఒకసారి ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులను కలిపి దుర్గానికి పంపి, వారు చదివిన ఒక్కొక్క శాసనానికి రెండు భాషలలోనూ అనువాదం రాయించి ఈ వార్షిక సంచికలోనే ప్రకటించాలి. వీటికి అయ్యే ఖర్చు ఒక వార్షికోత్సవపు షామియానా అద్దెను మించదు.

విద్యార్థి మిత్రులారా! అనుమసముద్రంపేట దర్గాకు వచ్చేవారిని మీ మతమేదని ఎవరూ అడగరు. చరిత్ర గుమ్మంలోనూ ఆ ప్రశ్న అక్కరలేదు, అడగవలసినది "చదివావా?" అన్నదొక్కటే. ఈసారి ఫోనులో ఉదయగిరి పేరు కనబడినప్పుడు, ఇంకొకరికి పంపేముందు ఆ మూడవ సంపుటం తెరవండి. అందులో మీకు నచ్చే పుట ఉండవచ్చు, నచ్చని పుట ఉండవచ్చు. రెండింటినీ చదివినవాడే ఆ కొండను ఒక్క కొండగా చూడగలడు.