చందమామ నీళ్లు, మా బిందె నీళ్లు

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగుతుంటే ఇంటిల్లిపాదీ టీవీ ముందే ఉన్నాం. మా అత్తమ్మ మాత్రం, "ఈడ బిందెకు నీళ్లు లేవు, ఆడ నీళ్లు ఎతుకుతారంట!" అంది.

అప్పుడు నాకూ నిజమే అనిపించింది. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. 2008లో వెళ్లిన చంద్రయాన్-1 అక్కడ నీటి జాడ కనిపెట్టింది. పారే నీళ్లు కాదు, మట్టిని అంటిపెట్టుకున్న అణువులు. ఎండ ఎన్నడూ పడని గుంతల్లో మంచుగడ్డగా నీళ్లున్నాయని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ కాస్త నీటికే అంత విలువ!

మరి మా వజ్రకరూరులో? తొలకరి పడగానే చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. రాయి దొరికేది ఏ ఒక్కరికో. ఆ రాళ్లను బయటపెట్టిన వాన నీళ్లు మాత్రం అందరి కళ్లముందే వంకలో కలిసిపోతాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు.

చంద్రుడి మీద వెతకడం తప్పు కాదు. మన మిద్దె మీద పడిన నీళ్లను వదిలేయడం తప్పు. బిందె మోసేది మనమే కాబట్టి ఈ మాట మనమే ఎత్తాలి. ఈసారి వానలకు ముందే ఇంకుడు గుంత తవ్వించాలని మా ఆయన దగ్గర పట్టుబట్టాను. మీరూ మీ ఇంట్లో అడగండి.