వెనకనున్నది వ్యర్థమా?

మా నాన్నగారు పోయిన తరువాత పటం కట్టించవలసి వచ్చింది. పొలం గట్టున, వేపచెట్టు కింద నేను తీసిన ఫొటో స్టూడియోకు ఇచ్చాను. అతడు చెట్టును చెరిపి, గట్టును చెరిపి, వెనక నీలిరంగు పులిమి ఇచ్చాడు. "నీట్‌గా వచ్చింది సార్" అన్నాడు. నిజమే, నీట్‌గానే వచ్చింది. కానీ అందులో ఉన్నది మా నాన్నగారు కారు. ఏ ఊరివాడో తెలియని ఒక ముసలాయన.

ఆనాటినుండి నాకు ఆ నీలిరంగుతో వైరం.

"ముఖం ముఖ్యం గాని వెనకేముంటే ఏమిటి?" అంటారు మిత్రులు. 2016లో ఐఫోన్ 7 ప్లస్ పోర్ట్రెయిట్ మోడ్‌తో వచ్చిన తరువాత, వెనకనున్న లోకాన్ని మసకబార్చడం మీట నొక్కినంత సులభమైపోయింది. ఆ మసక ఒక్కొక్కసారి చెదిరిన వెంట్రుకలనూ, ఆకు అంచున ఉన్న నూగునూ కూడా మింగివేస్తుంది. మనకు పట్టదు.

నేపథ్యాన్ని తొలగించిన మహానుభావులు లేరా అని మీరడగవచ్చు. ఉన్నారు. కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ మొక్కలను సాదా నేపథ్యం మీద ఎన్నోరెట్లు పెద్దవి చేసి చూపించాడు. 1928లో వచ్చిన ఆయన పుస్తకం జగత్ప్రసిద్ధం. కానీ ఆయన బెర్లిన్‌లో కళావిద్యార్థులకు పాఠం చెప్పే ఉపాధ్యాయుడు. ఆయనకు కావలసింది ఆకృతి. ఇర్వింగ్ పెన్ 1950, 51లలో పారిస్, లండన్, న్యూయార్క్ శ్రామికులను సాదా తెర ముందు నిలబెట్టాడు. అయితే వారి పనిదుస్తులనూ, చేతిలోని పనిముట్లనూ విడిపించలేదు. వారు ఆలోచించి ఎంచుకున్నారు. మనం ఆలోచించకుండా పారవేస్తున్నాం. తేడా అదే.

ఎంచుకోవడం కష్టమేమీ కాదు. మా పెరటిలో తుమ్మిపువ్వు సున్నం గోడ ముందు కనబడనే కనబడదు. రెండడుగులు పక్కకు జరిగి, నీడపడిన బావిగట్టు వెనక వచ్చేటట్టు కూర్చుంటే, అదే పువ్వు దీపంలా వెలుగుతుంది. వెనకంతా నల్లగా ఉంటే కెమెరా పొరపడి తెలుపును మాడ్చివేస్తుంది కనుక, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించాలి. మసక కావాలంటే మొక్కకూ గట్టుకూ మధ్య దూరం పెరిగే కోణం వెతకాలి. అప్పుడు గట్టు మెత్తబడుతుంది గాని మాయమైపోదు.

మొన్న ఆ నీలిపటం దింపి, అసలు ఫొటోను వేపచెట్టుతో సహా కట్టించి తెచ్చాను. మా అమ్మ చాలాసేపు చూసింది. నాన్నగారి ముఖం కాదు, పైన కొమ్మను చూపిస్తూ అంది: "అదిగో, ఆ కొమ్మకే ఆయన అన్నం క్యారేజీ తగిలించేవారు."

నీలిరంగుకు ఏం తగిలిస్తాం?