బ్యాక్‌గ్రౌండే కదా, ఎవడు చూస్తాడు?

"బ్యాక్‌గ్రౌండే కదా బాస్, ఎవడు చూస్తాడు?" ఈ ఒక్క మాట మీద నాకు పీకలదాకా కోపం ఉంది. ఎన్నాళ్ళనుంచో రాద్దామనుకుంటున్నా. ఇవాళ ఆదివారం, ప్రొడక్షన్లో ఏదీ పగల్లేదు, కాబట్టి రాసేస్తున్నా. కాస్త ఘాటుగా ఉంటే క్షమించాలి. పొడుగ్గా ఉన్నందుకు కూడా :)

ఇంజినీరింగ్ రోజులనుంచీ నాకున్న స్నేహితుడొకడు ఉద్యోగం చేసుకుంటూనే షార్ట్ ఫిల్ములు తీస్తుంటాడు. కిందటేడు ఒకటి తీశాడు. కథ చిన్నది. తండ్రీ కూతురూ హైదరాబాదునుంచి విజయవాడ వెళ్తుంటారు. తల్లి సంవత్సరీకం. సగం దారిలో కూతురు, ఏడాదిగా మనసులో పెట్టుకున్న ఒక ప్రశ్న తండ్రిని అడుగుతుంది. ఆయన వెంటనే జవాబు చెప్పడు. అంతే సినిమా. ఆ ఒక్క సీను కోసమే మిగతా పన్నెండు నిమిషాలూ.

నడుస్తున్న కార్లో తీయాలంటే ట్రైలర్లూ, పర్మిషన్లూ, బోలెడు డబ్బూ. అందుకని అపార్ట్‌మెంటు సెల్లార్లో కారు నిలబెట్టి, చుట్టూ ఆకుపచ్చ గుడ్డ కట్టి లాగించేశారు. కిటికీల్లో రోడ్డు పెట్టే పని ఒక స్టూడియోకి ఇచ్చారు. వాళ్ళు స్టాక్ ఫుటేజ్ తెచ్చి అతికించారు.

ప్రివ్యూకి ఓ అరవైమంది వచ్చాం. కూతురు "అమ్మ ఆఖరి రోజు నీకోసం అడిగింది నాన్నా, ఎందుకు రాలేదు?" అంది. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. తర్వాత సగం హాలు. తండ్రి వేషం వేసినాయన నా పక్క సీట్లోనే కూర్చున్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు, మొదటిసారి నటించాడు. తన నటన చూసి నవ్వారనుకున్నాడు పాపం. ఇంటర్వెల్ లేని సినిమాలో మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయాడు.

నవ్వింది ఆయన్ని చూసి కాదు. వెనక అద్దంలో కనబడుతున్న లారీని చూసి.

అసలు జరిగిందేమిటో చెప్తాను, ఓపిగ్గా వినండి. కెమేరా బానెట్ మీద ఉండి లోపలికి చూస్తోంది. అంటే వెనక అద్దంలోంచి మనకి కనబడాల్సింది దాటొచ్చిన రోడ్డు. అది మననుంచి దూరంగా జరగాలి. స్టాక్ సైట్లలో "హైవే డ్రైవ్" అని కొడితే మాత్రం తొంభైపాళ్ళు ముందు అద్దంలోంచి తీసినవే వస్తాయి. చూడ్డానికి అవే బాగుంటాయి కదా. ఆ క్లిప్పుని వెనక అద్దంలో పెడితే రోడ్డు మన మీదకి వస్తుంది, అంటే కారు గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంతో రివర్స్‌లో పోతున్నట్టు. స్టూడియోవాళ్ళకి ఈపాటి అర్థమైంది. కానీ వేరే క్లిప్పు వెతకలేదు, ఉన్నదాన్నే వెనక్కి ప్లే చేశారు. చెట్లూ స్తంభాలూ సరిపోయాయి. అయితే మొదట మన ముందు పోతున్న లారీ ఇప్పుడు తన వెనక తలుపులు మనకి చూపిస్తూ, రివర్స్‌లో, మన వెనకాలే పడి వస్తోంది. రెండు నిమిషాలపాటు. క్లిప్పు ఇరవై సెకన్లదే కాబట్టి ఆరుసార్లు.

ఇందులో ఇంకో తమాషా. అది అమెరికా రోడ్డు. అక్కడ ఎదురొచ్చే బళ్ళు ముందు అద్దంలో ఎడమవైపు కనబడతాయి. మన దేశంలో కార్లోంచి వెనక్కి చూసినా ఎదురుగా వచ్చి దాటిపోయినవి ఫ్రేములో ఎడమవైపే ఉంటాయి. అంటే ఆ ఒక్క షాట్లో ఒక తప్పు ఇంకో తప్పుని కొట్టేసింది! ఇలాంటి కోడ్ నేను ఆఫీసులో చాలా చూశాను. అది వేరే ఏడుపు. తండ్రి భుజం మీదనుంచి ముందుకి చూసే షాట్లో మాత్రం ఆ అదృష్టం లేదు. కుడి స్టీరింగు కారు, కుడిపక్క లేన్లో పోతోంది. దాన్ని సరిచేద్దామని ఫ్రేముని అడ్డంగా తిప్పితే బోర్డుల మీద అక్షరాలు అద్దంలో చూసినట్టయ్యాయి.

"మరీ అంత పట్టించుకుంటే ఎలా, సినిమా అంటేనే మాయ కదా" అనేవాళ్ళకి ఇప్పుడు జవాబు చెప్పాలి. ఔను, మాయే. 1959లో హిచ్‌కాక్ 'నార్త్ బై నార్త్‌వెస్ట్' తీసినప్పుడు హీరో తాగి కారు నడిపే సీనులో రోడ్డంతా వెనక తెర మీద వేసిన బొమ్మే. ఇవాళ చూస్తే అతుకు తెలిసిపోతుంది కూడా. కానీ రోడ్డు వెళ్ళాల్సిన వైపే వెళ్తుంది, అందుకే భయం వేస్తుంది. 1968లో కుబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో ఆదిమానవుల సీన్లకి ఆఫ్రికాలో తీసిన స్టిల్ ఫొటోలని తెర మీద వేసి స్టూడియోలో షూటింగ్ చేశాడు. స్టిల్ ఫొటోలండీ! ఆకు కూడా కదలదు. 2013లో వచ్చిన 'ఒబ్లివియన్'కి హవాయిలోని హలేయకలా అగ్నిపర్వతం పైనుంచి మేఘాలని మూడు కెమేరాలతో పక్కపక్కన తీసి, సెట్టు చుట్టూ కట్టిన తెర మీద 21 ప్రొజెక్టర్లతో వేశారు. హీరో ఇంటి అద్దాల్లో కనిపించే ఆకాశం అదే. 2019 'మాండలోరియన్'నుంచి ఎల్ఈడీ గోడల మోజు మొదలైంది. వీటన్నిట్లో వాడిన యంత్రాలు వేరు, పద్ధతులు వేరు. కానీ వెనక ఉన్న బొమ్మ ముందున్న మనిషికి సరిపోవాలన్న పట్టింపు ఒక్కటే.

నా గొడవంతా ఇక్కడే. స్టాక్ ఫుటేజ్ తీసేవాడు తన క్లిప్పు అమ్ముడుపోవాలని తీస్తాడు. చిన్న బొమ్మలో చూసినా కంటికి కొట్టొచ్చినట్టుండాలి. అందుకని డ్రోను ఎగరేస్తాడు, సూర్యుణ్ణి లెన్సులోకి తెస్తాడు, స్లోమోషన్ పెడతాడు, వెనకంతా మసక చేస్తాడు, రంగులు ముందే దిద్దేస్తాడు. ఆ క్లిప్పుని అందంగా చేసిన ప్రతి పనీ దాన్ని బ్యాక్‌గ్రౌండుకి పనికిరాకుండా చేస్తుంది. బ్యాక్‌గ్రౌండుకి కావలసింది కదలని కెమేరా, పూర్తి ఫోకస్, చదునైన రంగులు, విశేషమేమీ లేని దృశ్యం. ఒక్కమాటలో, ఎవడూ కొనని బోరు క్లిప్పు.

డ్రోను సంగతే తీసుకోండి. చదునైన నేల మీద కెమేరా ఎంత ఎత్తులో ఉందో, హొరైజన్ గీత ఫ్రేములో ఉన్న ప్రతి మనిషినీ అదే ఎత్తులో కోస్తుంది. కెమేరా నాలుగడుగుల ఎత్తులో ఉంటే దగ్గర నిలబడ్డవాడికీ, దూరంగా నిలబడ్డవాడికీ గీత ఛాతీ దగ్గరే పోతుంది. మనిషిని నాలుగడుగులనుంచి తీసి, వెనకాల వందడుగులనుంచి తీసిన ఊరు పెడితే చూసేవాడు ఈ లెక్క చెప్పలేకపోవచ్చు. కానీ మనిషి గాల్లో వేలాడుతున్నట్టో, రాక్షసుడిలా ఉన్నట్టో వాడి కంటికి తెలిసిపోతుంది.

స్లోమోషన్ ఇంకా మోసం. బొమ్మ పడవల్ని నిజం పడవల్లా చూపించాలంటే పాతకాలంనుంచీ వేగంగా తీసి నెమ్మదిగా చూపిస్తారు. పదహారోవంతు సైజు బొమ్మకి నాలుగురెట్లు, అంటే 24 ఫ్రేములకి బదులు 96. నెమ్మదిస్తే నీళ్ళు పెద్దవిగా కనబడతాయి. మరి విశాఖ బీచ్ అలల్ని స్లోమోషన్లో పెట్టి, ముందు మామూలు వేగంతో మాట్లాడే అమ్మాయిని నిలబెడితే? అలలు తేనెలా సాగుతుంటాయి, ఆమె జుట్టేమో ఫ్యాను గాలికి టపటపా కొట్టుకుంటుంది. ఇద్దరూ వేరే గ్రహాల మీద ఉన్నట్టుంటుంది.

మసక గురించి ఒక్క ముక్క. పదునుగా ఉన్నదాన్ని ఎప్పుడైనా మసక చేసుకోవచ్చు, మసకని పదును చెయ్యలేం. రంగులూ అంతే. 8-బిట్ ఫైలులో ఒక్కో రంగుకి 256 మెట్లు, 10-బిట్‌లో 1024. ముందే దిద్ది, నలిపి, కుదించిన 8-బిట్ సాయంకాలం ఆకాశాన్ని మీరు మళ్ళీ దిద్దబోతే ఉల్లిపాయ పొరల్లా చారలు తేల్తాయి. స్టాకు కొనేముందు ఇది అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూళ్ళేదు.

ఇప్పుడు ఏఐతో బ్యాక్‌గ్రౌండు చేయించేస్తే పోలా అంటున్నారు. మా వాడూ ప్రయత్నించాడు. రోడ్డు బాగానే వచ్చింది. బోర్డుల మీద తెలుగులాంటిదేదో ఉంది, గుండ్రంగా, తలకట్లతో సహా. చదవబోతే అది ఏ భాషా కాదు.

చివరికి ఏం చేశామంటే, ఒక ఆదివారం తెల్లారకుండా నేనూ వాడూ కారేసుకుని ఎన్‌హెచ్-65 ఎక్కాం. షూటింగులో వాడిన లెన్సే, కెమేరా అదే ఎత్తులో. ఫోకసూ, ఎక్స్‌పోజరూ, వైట్ బ్యాలెన్సూ అన్నీ లాక్. ఆటోలో వదిలేస్తే ఫ్లైఓవరు కిందికి పోయినప్పుడల్లా ఆకాశం వెలిగి ఆరుతుంది. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్ మీదుగా సూర్యాపేటదాకా ఆపకుండా తీశాం. ఇడ్లీ తింటూ ల్యాప్‌టాప్‌లో చూస్తే గుండె జారింది. విజయవాడవైపు పోతుంటే పొద్దుటి ఎండ ముందునుంచీ, కుడినుంచీ పడుతోంది. సెల్లార్లో లైటేమో ఎడమ కిటికీవైపు పెట్టారు. మొహాల మీద ఎండ ఒకవైపు, రోడ్డు మీద నీడలు ఇంకోవైపు.

అప్పుడు వాడే అన్నాడు, "ఒరేయ్, తిరిగొచ్చేటప్పుడు తీద్దాం" అని. తిరుగుదారిలో ఎండ ఎడమ పక్కకొచ్చింది. అంటే సినిమాలో తండ్రీకూతుళ్ళు విజయవాడ వెళ్తుంటే కిటికీల్లోది హైదరాబాదు వచ్చే రోడ్డు. పచ్చి అబద్ధం. కిలోమీటర్ల బోర్డు పడ్డ చోట రెండు ముక్కలు కత్తిరించాం, అంతే. మొత్తం ఖర్చు పెట్రోలూ, టోలూ, రెండు ప్లేట్ల ఇడ్లీ. స్టూడియోకి కట్టినదాంట్లో పదోవంతు కూడా కాదు, కాబట్టి బడ్జెట్ లేదన్న కబుర్లు నా దగ్గర చెప్పకండి. వెనక్కి నడిచే లారీని పట్టుకున్న ఆ అరవైమందిలో చాలామంది రెండోసారీ వచ్చారు, సగంమంది ఆ రూట్లో నెలకోసారి తిరిగేవాళ్ళే. దిక్కు తప్పని ఒక్కరూ అనలేదు.

మాస్టారు మొదట రానన్నారు. మావాడు ఇంటికెళ్ళి బతిమాలి తీసుకొచ్చాడు. నేను మళ్ళీ ఆయన పక్కనే కూర్చున్నా. కూతురు ఆ ప్రశ్న అడిగింది. హాల్లో ఎవరూ కదల్లేదు. ఆయన మాత్రం నా చెవి దగ్గరికి వంగి, "బాబూ, ఇప్పుడు వెనకాల లారీ ఏమైనా ఉందా?" అని అడిగారు.