రోజేషియా: క్రీముకు ముందు నిర్ధారణ

ముఖంపై ఎరుపు, మంట, పొక్కులు కనిపిస్తే మొటిమలని భావించి, మందుల దుకాణంలో దొరికిన క్రీము పూయడం దేశంలో మామూలైపోయింది. అయితే అది రోజేషియా అనే దీర్ఘకాలిక చర్మవ్యాధి కావచ్చు. ఎక్కువగా 30 ఏళ్లు దాటినవారిలో కనిపించే ఈ వ్యాధి అంటుకునేది కాదు. అపరిశుభ్రత వల్ల వచ్చేదీ కాదు. చామనఛాయ, నల్లని మేను గలవారిలో ఎరుపు స్పష్టంగా తెలియకపోవడంతో నిర్ధారణ ఆలస్యమవుతోంది.

ఈలోగా స్టిరాయిడ్ క్రీములు హాని చేస్తున్నాయి. తొలుత ఉపశమనమిచ్చినా, మానగానే మంట, ఎరుపు తీవ్రమవుతాయి. అందుకే వాటిని వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టిరాయిడ్ పైపూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే వైద్యుల చీటీ లేనిదే వాటిని అమ్మరాదు. ఈ నిబంధన దుకాణం గల్లా దగ్గర అమలైతేనే ప్రయోజనం.

రోజేషియాను శాశ్వతంగా నయం చేసే మందు లేదు. అదుపు మాత్రం సాధ్యమే. ఎండ, వేడి, కారం, మద్యం, మానసిక ఒత్తిడిలో తనకు ఏది పడటం లేదో రోగి గమనించుకోవాలి. మెట్రోనిడజోల్, అజెలాయిక్ ఆమ్లం, ఐవర్‌మెక్టిన్ పైపూతలను, అవసరమైతే డాక్సీసైక్లిన్‌ను వైద్యులు సూచిస్తారు. కళ్లు మండినా, ఎర్రబడినా నేత్రవైద్యులను సంప్రదించడంలో జాప్యం తగదు.