మేడ మీద గది ఎవరికి?

మీ ఇంట్లో మేడ మీద గది ఎవరిది? ఇంటి పెద్దాయనదైతే కాదు. ఆయన మంచం కింద హాల్లో, కొత్త ఫ్యాను కిందే ఉంటుంది. మేడ గది ఇంటర్ చదివే ఆడపిల్లది, కొత్త కోడలిది, లేదా గిన్నెలు సర్ది పదింటికి మెట్లెక్కే ఇల్లాలిది. విజయనగరం, శ్రీకాకుళం వైపు చాలా ఇళ్లలో ఇదే వరస. వీధిలోంచి చూసేవాళ్లకి అది మేడ. మే నెలలో లోపల పడుకునేవాళ్లకి అది ఇటుకల బట్టీ.

మండువేసవిలో డాబా మీద పెట్టిన గుమ్మడి వడియాలు రెండో రోజుకే గలగలమంటాయి. చెప్పుల్లేకుండా అక్కడ అడుగు వేయలేం. ఆ వడియాలకీ మన గదికీ మధ్య ఉన్నది ఐదంగుళాల కాంక్రీటు. వడియాలకైనా సాయంత్రం విడుదల ఉంది. మనకి అప్పుడే మొదలు. స్లాబు పగలంతా తాగిన ఎండని పొద్దుపోయాక గదిలోకి కక్కుతుంది. ఫ్యాను ఆ వేడినే మన మీదికి తోస్తుంది. పైగా మనది సముద్రపు గాలి, రాత్రయినా ఉక్క వదలదు.

2015 మే నెలలో మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా వడగాడ్పులకి పోయారు. ప్రతి ఏడూ అదే హెచ్చరిక: ఎండలో తిరక్కండి, ఇంటిపట్టున ఉండండి. ఇల్లే ఎండైతే ఎక్కడికి పోవాలి?

మా అమ్మమ్మ వాళ్ల తాటాకింట్లో ఈ బాధ లేదు. పైన మందంగా తాటాకు, దాని కింద మట్టి మెత్తిన అటక. ఆకుకీ అటకకీ మధ్య గాలి ఆడే చోటు. ఇప్పుడు ఇన్సులేషన్ అని పెద్ద మాట వాడుతున్నారు గానీ, ఆ మట్టి అటక చేసిన పని అదే. అలాగని మళ్లీ తాటాకింటికి పోదామనడం లేదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లం. పలాస వైపు తిత్లీ కొబ్బరి తోటల్నే పడుకోబెట్టింది. స్లాబు కావాలి, ప్రాణం నిలబెడుతుంది. నా గొడవల్లా ఒక్కటే. ఆకు తీసేశాం, అటక తీసేశాం, వాటి పని చేసేది ఇంకేదీ పెట్టలేదు.

డబ్బు లేక పెట్టలేదా? గుమ్మానికి టేకు చెక్క, వంటగట్టుకి గ్రానైట్, హాలుకి రంగురంగుల దీపాల సీలింగు, వీధి వైపు గోడకి డిజైను టైల్సు. అన్నిటికీ అప్పు పుడుతుంది. డాబా మీద పూత అనేసరికి, "ఎవరు చూడొచ్చారమ్మా?" అంటారు. చూడ్డానికి కాదు, కింద పడుకునే మనిషి కోసం. వాన నీరు కారకుండా పూసే ముదురు ఎర్ర రంగైతే మరీ అన్యాయం. అది ఎండని ఇంకా పీల్చుకుంటుంది.

"ఏసీ పెట్టించుకోవచ్చు కదా" అనేవారున్నారు. కాలిన స్లాబు కింద ఏసీ రాత్రంతా దానితో కుస్తీ పడుతుంది, బిల్లు మనం కడతాం. కరెంటు పోతే అదీ లేదు. పైగా ఏసీ ఒక్క గదికే. వంటగదికి ఏసీ పెట్టిన ఇల్లు ఎన్ని చూశారు? "సాయంత్రం డాబా మీద నాలుగు బకెట్ల నీళ్లు పోస్తే సరి" అనేవాళ్లు ఆ బకెట్లు మోసేదెవరో కూడా చెప్పాలి.

చేయాల్సింది తేలికే. వేడిని స్లాబులోకి దిగకముందే ఆపాలి. లోపల సీలింగు కట్టడం కన్నా పైన పూత వేయడమే ముందు పని. బీటలు పూడ్చి, డాబా కడిగి ఆరనిచ్చి, తెల్ల సున్నం ఫెవికాల్ కలిపి రెండు చేతులు వేయించండి. ఉగాదికి ముందే అయిపోవాలి. వానలకి పోతుంది, మళ్లీ ఏడాది వేయాలి. ఇంకాస్త పెట్టగలిగితే కూల్ రూఫ్ పెయింటు, లేదా తెల్ల టైల్సు. ఇలాంటి తెల్ల కప్పు గదిలో వేడిని రెండు నుంచి ఐదు డిగ్రీల వరకు తగ్గిస్తుందంటారు. కొత్తగా కట్టేవాళ్లయితే టైల్సు కింద వేడిని ఆపే బోర్డు వేయించండి. పడమటి గోడని మరిచిపోవద్దు. దానికీ తెల్ల రంగే. కిటికీకి లోపల పరదా కన్నా బయట తడిక మేలు, ఎండ అద్దం దాకా రాదు. ఆ గోడ మీదికి ఒక ఆనప పాదు పాకిస్తే నీడకి నీడ, కూరకి కూర.

ఇది మన ఇళ్లతో తీరే గొడవ కూడా కాదు. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 గజాలు దాటిన స్థలాల్లో కట్టే ఇళ్లకి అది తప్పనిసరి, చిన్న ఇళ్లకి ఇష్టం. పెద్ద ఇళ్లవాళ్లు ఏసీలతో ఎలాగో నెట్టుకొస్తారు. ఉడికిపోయేది రెండు సెంట్ల ఇంట్లో ఉన్నవాళ్లే. అహ్మదాబాదులో 2017లో పేదల బస్తీల్లోనే వేల ఇళ్ల కప్పులకి తెల్ల సున్నం వేశారు. మన ప్రభుత్వ కాలనీ ఇళ్లకి స్లాబు బిల్లు ఇచ్చేటప్పుడే తెల్ల పూతకీ ఇవ్వాలని ఎందుకు అడగకూడదు?

అప్పటిదాకా మన పని మనం చేద్దాం. ఈసారి ఇంటి ఖర్చుల లెక్క తీసినప్పుడు, గేటు రంగుకన్నా ముందు డాబా సున్నం రాయించండి. ఒప్పుకోకపోతే పెద్దాయన మంచం మేడెక్కించండి. రోహిణీ కార్తె వెళ్లేదాకా అక్కర్లేదు, రెండు రాత్రులు చాలు. మూడో రోజు పొద్దున్నే మేస్త్రికి ఫోన్ ఆయనే చేస్తారు.